మల్టిపుల్ మైలోమా చికిత్సలపై పరిశోధనలు: తిరుపతి, చిత్తూరు ప్రాంత రోగులు, కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మల్టిపుల్ మైలోమా అని తేలిన రోజు నుంచి రోగి, ఇంటివాళ్ళు పదే పదే అడిగే మాట “దీనికి కొత్త మందు ఏదైనా వచ్చిందా?” అన్నది. గత పాతికేళ్ళలో చాలా మందులు వచ్చాయి. అయితే మందు కొత్తది అని విన్నప్పుడల్లా, దానిని దేనితో పోల్చి చూశారు, ఎలాంటి రోగుల్లో చూశారు, ఎంతకాలం చూశారు అని అడగడం అలవాటు చేసుకోవాలని ఈ జవాబులు చదివేవారికి మా విన్నపం. మీ చికిత్స గురించిన నిర్ణయం మాత్రం మిమ్మల్ని స్వయంగా చూసిన వైద్యుడితో మాట్లాడి తీసుకోవలసిందే.

మల్టిపుల్ మైలోమా అంటే ఏమిటి?

ఎముకల లోపలి మజ్జలో, అంటే మనం మూలుగ అనే భాగంలో, ప్లాస్మా కణాలు ఉంటాయి. సూక్ష్మజీవులను ఎదుర్కొనే ఆంటీబాడీలను తయారు చేయడం వాటి పని. వాటిలో ఒక కణం జన్యుమార్పుల వల్ల అదుపు తప్పి, దాని సంతతి అంతా మజ్జలో పెరిగి, ఒకే రకమైన పనికిరాని ప్రొటీన్‌ను రక్తంలోకి వదులుతూ ఉండడమే ఈ వ్యాధి. ఆ ప్రొటీన్‌ను ఎం ప్రొటీన్ అంటారు. దీనివల్ల ఎముకలు గుల్లబారి విరుగుతాయి, రక్తం తగ్గుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, రక్తంలో కాల్షియం పెరుగుతుంది. ఇది అంటువ్యాధి కాదు. రోగితో కలిసి భోజనం చేయడానికి, ఒకే ఇంట్లో ఉండడానికి ఎవరూ సంకోచించనక్కరలేదు.

నడుము నొప్పి అని నెలల తరబడి తిరిగాము. ముందే ఎందుకు తెలియలేదు?

ఈ ప్రాంతంలో మేము ఎక్కువగా వినే బాధ ఇదే, కనుక కొంచెం వివరంగా చెబుతాము. అరవై ఏళ్ళు పైబడి, జీవితమంతా పొలం పని చేసిన మనిషికి నడుము నొప్పి వస్తే అది వయసు వల్లనో, బరువు ఎత్తడం వల్లనో అని అందరూ అనుకుంటారు. మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు తెచ్చుకుని వేసుకుంటారు. కొన్నాళ్ళకు నీరసం, ఆయాసం మొదలై రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు వాడతారు. చివరికి కాళ్ళ వాపుతోనో వాంతులతోనో ఆసుపత్రికి వెళితే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ బాగా పెరిగి ఉంటుంది. అంటే ఎముకల వైద్యుడి దగ్గర మొదలైన దారి కిడ్నీ వైద్యుడి దగ్గర ముగిసి, అక్కడ మైలోమా బయటపడుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్ళలు మైలోమా ఉన్నవారి మూత్రపిండాలను మరింత త్వరగా పాడు చేస్తాయి. వాటిని వైద్యుడు చెప్పకుండా వేసుకోవద్దని గట్టిగా చెబుతున్నాము.

ముందే అనుమానించడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. మామూలు లివర్ పరీక్షల రిపోర్టులో టోటల్ ప్రొటీన్, అల్బుమిన్ అని రెండు వరుసలు ఉంటాయి. ఉదాహరణకు టోటల్ ప్రొటీన్ 10.5, అల్బుమిన్ 3 అని ఉంటే, రెండింటి తేడా 7.5. ఆ తేడానే గ్లోబులిన్ అంటారు, అది సాధారణంగా 3.5 దాటదు. పక్కన హిమోగ్లోబిన్ 7 ఉండి, ఈఎస్ఆర్ 100 దాటి, నడుము నొప్పి తగ్గకుండా ఉంటే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్త పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష గ్రాఫులో మామూలుగా వెడల్పుగా, పల్లంగా ఉండవలసిన చివరి భాగంలో సన్నగా, నిటారుగా ఒక శిఖరం లేస్తే అదే ఎం ప్రొటీన్. అయితే కొందరిలో పూర్తి ఆంటీబాడీ కాకుండా దానిలోని చిన్న ముక్కలైన తేలికపాటి గొలుసులు (లైట్ చెయిన్లు) మాత్రమే తయారవుతాయి కాబట్టి గ్లోబులిన్ మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదని చెప్పలేము. అలాంటివారికి ఫ్రీ లైట్ చెయిన్ పరీక్ష అవసరమవుతుంది. ఆ తరువాత మజ్జ పరీక్ష, ఎముకల కోసం సీటీ లేదా పెట్ సీటీ, జన్యుమార్పుల కోసం ఫిష్ పరీక్ష చేస్తారు.

ఈ వ్యాధి పూర్తిగా నయమవుతుందా?

చాలామందిలో ఇది తగ్గి, కొంతకాలం నిశ్శబ్దంగా ఉండి, మళ్ళీ తిరగబడే వ్యాధి. మెల్ఫలాన్ అనే కీమో మందు, ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రమే ఉన్న రోజుల్లో రోగుల్లో సగం మంది సుమారు మూడేళ్ళకు మించి జీవించేవారు కాదు. ఇవాళ పదేళ్ళు దాటి తమ పనులు తాము చేసుకుంటున్నవారు ఎందరో ఉన్నారు. “నయం” అనే మాటను పరిశోధకులు ఇప్పుడిప్పుడే, అది కూడా చాలా జాగ్రత్తగా వాడుతున్నారు. సిల్టా సెల్ అనే కార్ టీ చికిత్సను (రోగి సొంత రక్షణ కణాలను మార్చి తిరిగి ఎక్కించే ఈ పద్ధతి గురించి కింద చెబుతాము), అప్పటికే అనేక మందులు పనిచేయక వదిలేసిన 97 మందికి ఒక్కసారి ఇచ్చి చూసిన అధ్యయనంలో, 32 మంది ఐదేళ్ళు దాటినా వ్యాధి తిరగబడకుండా, మరే మైలోమా మందూ లేకుండా ఉన్నారని 2025లో ప్రకటించారు. ఇది ఎంతో ఆశ కలిగించే ఫలితం. అయితే మిగిలిన 65 మంది విషయంలో ఆ మాట చెప్పలేమన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు వాడుతున్న మందులు ఎలా కనుగొన్నారు?

మెల్ఫలాన్ 1950ల చివరిలో వచ్చింది. 1983లో బ్రిటన్ వైద్యులు దానిని చాలా ఎక్కువ మోతాదులో ఇస్తే వ్యాధి బాగా తగ్గుతుందని చూపారు. ఆ మోతాదుకు మజ్జ తట్టుకోలేదు కనుక, రోగి మూలకణాలను ముందే సేకరించి భద్రపరచి తిరిగి ఎక్కించే పద్ధతి వాడుకలోకి వచ్చింది. 1996లో ఫ్రాన్స్ వైద్యులు 200 మందిపై చేసిన ట్రయల్‌లో, మామూలు కీమో తీసుకున్నవారిలో ఐదేళ్ళు జీవించినవారు 12 శాతం కాగా, ఈ పద్ధతిలో 52 శాతం ఉన్నారు.

ఆ తరువాతి కథ థాలిడొమైడ్‌ది. గర్భిణులు వాడడం వల్ల ప్రపంచమంతటా వేలాది మంది శిశువులు అవయవలోపాలతో పుట్టినందున 1961లో మార్కెట్ నుంచి తొలగించడం మొదలైన మందు అది. 1990ల చివరిలో అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో, ఇక వేరే దారి లేని 84 మంది మైలోమా రోగులకు దానిని ఇచ్చి చూస్తే దాదాపు మూడో వంతు మందిలో ఎం ప్రొటీన్ తగ్గింది. సీమా సింఘాల్ మొదటి రచయితగా ఆ ఫలితాలు 1999లో వెలువడ్డాయి. అది ఎలా పనిచేస్తుందో అప్పటికి ఎవరికీ స్పష్టంగా తెలియదు. కణంలోని సెరెబ్లాన్ అనే ప్రొటీన్‌కు అది అతుక్కుంటుందని జపాన్ పరిశోధకులు 2010లో కనుగొన్నారు. ఈ కుటుంబానికే చెందిన లెనలిడొమైడ్, పొమలిడొమైడ్ ఇవాళ మన రోగులు రోజూ మింగే మాత్రలు. గర్భం విషయంలో ఆ పాత ప్రమాదం వీటికీ ఉన్నదని భావించే జాగ్రత్తలు పాటించాలి. పురుష రోగులు కూడా ఈ విషయం వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి.

కణంలో పాడైన ప్రొటీన్‌లను తొలగించే ప్రొటియాసోమ్ అనే యంత్రాంగాన్ని అడ్డుకునే బోర్టెజొమిబ్‌కు 2003లో, మైలోమా కణాల ఉపరితలం మీద ఉండే సీడీ38 ప్రొటీన్‌ను గురిపెట్టే డారటుముమాబ్‌కు 2015లో అమెరికా అనుమతి లభించింది. ఇప్పుడు మొదటి దశ చికిత్సలోనే ఇటువంటి మూడు లేదా నాలుగు మందులను కలిపి ఇవ్వడం ఆనవాయితీ అయింది.

కొత్త మందు ఇవ్వకుండా పాత మందు మోతాదు తగ్గించారు. ఇది సరైన చికిత్సేనా?

చాలా సందర్భాల్లో సరైనదే, దానికి గట్టి ఆధారాలు కూడా ఉన్నాయి. మైలోమా పరిశోధనలో మన ప్రాంతపు రోగికి నేరుగా మేలు చేసిన భాగం ఇదేనని మా అభిప్రాయం.

డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పూర్వం నెలలో పన్నెండు రోజులు పెద్ద మోతాదులో ఇచ్చేవారు. మాయో క్లినిక్‌కు చెందిన విన్సెంట్ రాజ్‌కుమార్ నాయకత్వంలో జరిగిన ట్రయల్‌లో, లెనలిడొమైడ్‌తో పాటు ఆ పెద్ద మోతాదును ఒక బృందానికి, వారానికి ఒక్కరోజు మాత్రమే ఇచ్చే తక్కువ మోతాదును మరో బృందానికి ఇచ్చారు. పెద్ద మోతాదులో వ్యాధి తగ్గినవారు ఎక్కువ మందే ఉన్నారు. అయినా ఏడాది తిరిగేసరికి ప్రాణాలతో ఉన్నవారు పెద్ద మోతాదు బృందంలో 87 శాతం, తక్కువ మోతాదు బృందంలో 96 శాతం అని 2010లో ప్రచురించారు. రక్తనాళాల్లో గడ్డలు, ఇన్‌ఫెక్షన్లు వంటి హాని తగ్గడమే అందుకు కారణం.

బోర్టెజొమిబ్‌ను నరంలోకి కాకుండా చర్మం కిందికి ఇస్తే ఏమవుతుందని ఇంకో ట్రయల్ అడిగింది. ఫలితం ఏమాత్రం తగ్గలేదు. కాళ్ళూ చేతుల తిమ్మిర్లు మాత్రం 53 శాతం నుంచి 38 శాతానికి తగ్గాయని 2011లో తేలింది. పొలంలో చెప్పులు లేకుండా నడిచే మనిషికి పాదాల స్పర్శ నిలవడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. అలాగే ఎముకల బలానికి ఇచ్చే జొలెడ్రోనిక్ ఆమ్లాన్ని నాలుగు వారాలకు బదులు పన్నెండు వారాలకు ఒకసారి ఇచ్చినా ఎముకలకు రక్షణ తగ్గలేదని 2017లో ఒక పెద్ద ట్రయల్ చూపింది. పలమనేరు నుంచో, పుంగనూరు నుంచో ఒక తోడు మనిషిని వెంటబెట్టుకుని, ఇద్దరి కూలీ పోగొట్టుకుని వచ్చే కుటుంబానికి ఇది చిన్న మేలు కాదు. ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు పళ్ళ వైద్యుడికి తప్పక చూపించుకోవాలి. పాడైన పన్ను ఉంటే ముందే తీయించుకోవాలి, లేకపోతే దవడ ఎముక దెబ్బతినే ప్రమాదం ఉంది.

మంచి మందని అందరూ అనుకున్నది ట్రయల్‌లో ఓడిపోయిన సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి, వాటిని రోగులు తెలుసుకోవడం అవసరం. పెంబ్రోలిజుమాబ్ అనేక ఇతర క్యాన్సర్లలో గొప్పగా పనిచేసిన మందు. మైలోమాలో లెనలిడొమైడ్‌తోనో, పొమలిడొమైడ్‌తోనో కలిపి ఇస్తే మేలు జరుగుతుందని చిన్న అధ్యయనాలు ఆశ చూపాయి. పెద్ద ట్రయల్స్ నడిపితే ఆ మందు కలిపిన బృందంలోనే మరణాలు ఎక్కువగా కనిపించాయి. 2017 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటిని ఆపించింది.

వెనెటోక్లాక్స్ విషయం ఇంకా సూక్ష్మమైనది. బోర్టెజొమిబ్, డెక్సామెథసోన్‌లకు దానిని కలిపితే వ్యాధి అదుపులో ఉన్న కాలం దాదాపు రెట్టింపు అయింది. కానీ ఆ బృందంలో మరణాలు పెరిగాయి, వాటిలో చాలా వరకు ఇన్‌ఫెక్షన్ల వల్ల సంభవించినవి. 11, 14 క్రోమోజోముల ముక్కలు స్థానాలు మార్చుకున్న రోగుల్లో మాత్రం అది నిజంగా ఉపయోగపడేలా ఉందని కనిపించడంతో పరిశోధన ఆ రోగుల వైపు మళ్ళింది. పోల్చి చూసే బృందం లేకపోయి ఉంటే ఈ రెండు మందులూ ఎందరికో హాని చేసి ఉండేవి, ఆ హాని వ్యాధి ఖాతాలో పడేది.

బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంట్ ఇప్పటికీ అవసరమా? దాతను ఎక్కడ వెతకాలి?

మైలోమాలో చేసేది ఎక్కువగా రోగి సొంత మూలకణాలతోనే, కనుక దాత అక్కరలేదు. తమ్ముడిదో కొడుకుదో మజ్జ తీస్తారేమో అన్న భయం ఈ చికిత్సకు వర్తించదు. కొత్త మందులు వచ్చిన తరువాత కూడా ఇది అవసరమా అని పరీక్షించిన అమెరికా ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి: ట్రాన్స్‌ప్లాంట్ చేసినవారిలో వ్యాధి సగటున 67 నెలలు, చేయనివారిలో 46 నెలలు అదుపులో ఉంది, కానీ మొత్తం ఆయుష్షులో అప్పటికి తేడా కనిపించలేదు. ఖరీదైన మందులను ఏళ్ళ తరబడి కొనలేని కుటుంబాలకు, ఒకసారి చేసి ఎక్కువ కాలం ఊరటనిచ్చే ఈ పద్ధతి ఇంకా మంచి మార్గమేనని మాకు అనిపిస్తుంది.

కార్ టీ చికిత్స, బైస్పెసిఫిక్ ఆంటీబాడీలు అంటే ఏమిటి? ఇక్కడ దొరుకుతాయా?

కార్ టీ చికిత్సలో రోగి రక్తం నుంచి టీ కణాలు అనే రక్షణ కణాలను వేరుచేసి, మైలోమా కణాల మీద ఉండే బీసీఎంఏ అనే ప్రొటీన్‌ను గుర్తుపట్టేలా వాటి జన్యువుల్లో మార్పు చేసి, ప్రయోగశాలలో పెంచి తిరిగి ఎక్కిస్తారు. తయారీకి వారాలు పడుతుంది. ఎక్కించిన తరువాత తీవ్రమైన జ్వరం, రక్తపోటు పడిపోవడం, అరుదుగా మెదడుకు సంబంధించిన ఇబ్బందులు రావచ్చు. మైలోమాకు ఇటువంటి మొదటి చికిత్స, ఐడె సెల్, 2021 మార్చిలోనూ, సిల్టా సెల్ 2022 ఫిబ్రవరిలోనూ అమెరికాలో అనుమతి పొందాయి.

బైస్పెసిఫిక్ ఆంటీబాడీ ఒక చివర టీ కణాన్ని, మరో చివర మైలోమా కణాన్ని పట్టుకుని రెండింటినీ దగ్గరికి చేరుస్తుంది. టెక్లిస్టమాబ్ 2022లో, టాల్క్వెటమాబ్, ఎల్రనటమాబ్ 2023లో అమెరికా అనుమతి పొందాయి. వీటిని ముందుగా తయారుచేసి ఉంచవచ్చు, రోగి కోసం ప్రత్యేకంగా చేయనక్కరలేదు. ఇన్‌ఫెక్షన్ల ప్రమాదం మాత్రం ఎక్కువ.

మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19 చికిత్సకు 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. దాని వార్తలు చూసి “మైలోమాకు స్వదేశీ చికిత్స వచ్చేసింది” అని చాలామంది పొరబడుతున్నారు. అది సీడీ19ను గురిపెట్టే చికిత్స, బీ కణాల లింఫోమా, లుకేమియాల కోసం అనుమతించినది. అయితే అమెరికాలో కోట్ల రూపాయలయ్యే పద్ధతిని దాదాపు పదో వంతు ఖర్చులో ఇక్కడే తయారు చేయగలమని అది నిరూపించింది.

ఎంఆర్‌డీ నెగెటివ్ అని రాశారు. ఇక మందులు ఆపవచ్చా?

ఎంఆర్‌డీ అంటే చికిత్స తరువాత మిగిలిపోయిన అతి కొద్దిపాటి వ్యాధి. అది నెగెటివ్ అంటే మజ్జలో లక్ష కణాలను వెతికినా ఒక్క మైలోమా కణం దొరకలేదని అర్థం. మంచి సూచనే. కొత్త మందుల పరీక్షలో దీనిని కొలమానంగా అంగీకరించవచ్చని 2024 ఏప్రిల్‌లో అమెరికా నిపుణుల సలహా సంఘం ఏకగ్రీవంగా చెప్పింది. కానీ దాని ఆధారంగా మందు ఎప్పుడు ఆపాలన్న ప్రశ్న మీద ట్రయల్స్ ఇంకా నడుస్తున్నాయి, సొంతంగా ఆపవద్దు.

క్లినికల్ ట్రయల్‌లో చేరితే మమ్మల్ని ప్రయోగ వస్తువులుగా వాడుకుంటారా?

ఈ భయం అర్థం చేసుకోదగినదే. మైలోమా ట్రయల్స్‌లో సాధారణంగా ఒక బృందానికి అప్పటికి నిలబడిన మంచి చికిత్సను, మరో బృందానికి దానికి తోడుగానో బదులుగానో కొత్త మందును ఇస్తారు. చికిత్స అవసరమైన రోగికి ఏమీ ఇవ్వకుండా ఉత్త మాత్ర ఇచ్చి ఊరుకోవడం జరగదు.

మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి లేనిదే ట్రయల్ మొదలుపెట్టకూడదు. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అంటే మీరు తెలుగులో అడిగి తీసుకోవచ్చు. చదువురానివారు వేలిముద్ర వేసే ముందు, ట్రయల్‌తో సంబంధం లేని ఒక సాక్షి వివరణ జరుగుతున్నంతసేపూ పక్కనే ఉండి, తానూ సంతకం చేయాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నియమాల ప్రకారం పరిహారం అందాలి. ఏ దశలోనైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, దానివల్ల మామూలు చికిత్స ఆగకూడదు. పత్రాన్ని ఇంటికి తీసుకెళ్ళి, పెద్దవాళ్ళతో చదివించుకుని, మరునాడు సంతకం చేస్తామంటే ఎవరూ కాదనకూడదు.

ఆ ట్రయల్ నిజమైనదో కాదో తెలుసుకోవడానికి భారత వైద్య పరిశోధన మండలి నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఉంది. 2009 జూన్ నుంచి అందులో నమోదు తప్పనిసరి. నమోదు సంఖ్య అడగండి. చేరడానికే డబ్బు కట్టమనేవారిని నమ్మవద్దు.

తిరుపతి, చిత్తూరు వారికి దగ్గరలో ఎక్కడ చూపించుకోవచ్చు?

తిరుపతిలో 1993 నుంచి నడుస్తున్న శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ, అంటే స్విమ్స్‌లో, క్యాన్సర్ విభాగంతో పాటు కిడ్నీ విభాగం కూడా ఉండడం మైలోమా రోగికి కలిసొచ్చే విషయం. టాటా ట్రస్టులు, తిరుమల తిరుపతి దేవస్థానాల సహకారంతో ఏర్పడిన క్యాన్సర్ ఆసుపత్రి కూడా తిరుపతిలోనే ఉంది. ట్రాన్స్‌ప్లాంట్ కోసమో రెండో అభిప్రాయం కోసమో వేలూరు సీఎంసీకి వెళ్ళేవారు చాలామంది. 1980ల నుంచి అక్కడ మజ్జ మార్పిడి జరుగుతోంది. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్ళే రైలు మార్గం వీరికి వీలుగా ఉంటుంది. ఎక్కడికి వెళ్ళినా మజ్జ పరీక్ష స్లైడ్లు, మొదటి ఎలక్ట్రోఫోరెసిస్ గ్రాఫు, స్కాన్ సీడీ వెంట తీసుకెళ్ళండి. మొదటి రిపోర్టు లేకపోతే వ్యాధి ఎంత తగ్గిందో లెక్కకట్టడం కష్టమవుతుంది.

ఖర్చు ఎలా భరించాలి?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి. మీకు రాసిన మందు ప్యాకేజీలో ఉన్నదో లేదో చికిత్స మొదలుకాక ముందే పథకం కౌంటరులో అడగండి. పేదరోగులకు తిరుమల తిరుపతి దేవస్థానాల ప్రాణదాన ట్రస్టు సాయం కూడా ఉంది. బోర్టెజొమిబ్, లెనలిడొమైడ్‌లకు మన దేశపు కంపెనీలే జెనరిక్ మందులు తయారు చేస్తున్నాయి. హైదరాబాదు కంపెనీ నాట్కో తయారు చేసిన లెనలిడొమైడ్ 2022లో అమెరికా మార్కెట్‌కు కూడా వెళ్ళింది. కనుక జెనరిక్ అంటే తక్కువ రకం అన్న అనుమానం పెట్టుకోవద్దు.

కీమోతో పాటు నాటు మందు వాడవచ్చా?

వద్దు. భస్మాలు, ఏ మూలికలు కలిపారో తెలియని కషాయాలు మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు, మైలోమాలో అవి ముందే బలహీనంగా ఉంటాయి. హాని లేదని అందరూ తాగే గ్రీన్ టీలోని పదార్థాలు కూడా బోర్టెజొమిబ్‌కు అతుక్కుని దాని పని చెడగొడతాయని 2009లో ప్రయోగశాల అధ్యయనం చూపింది. రోగి నీళ్ళు ధారాళంగా తాగడం, కిడ్నీ వైద్యుడు పరిమితి పెట్టి ఉంటే తప్ప, నిజంగా ఉపయోగపడే ఇంటి జాగ్రత్త.

మైలోమాకు దగ్గరి వ్యాధులకు కూడా ఈ పరిశోధన ఉపయోగపడుతుందా?

పడుతుంది. అసహజ ప్రొటీన్ గుండెలో, మూత్రపిండాల్లో పేరుకునే ఏఎల్ అమైలాయిడోసిస్‌కు డారటుముమాబ్ 2021లో అనుమతి పొందింది. వాల్డెన్‌స్ట్రామ్ మాక్రోగ్లోబులినీమియా అనే అరుదైన రక్త క్యాన్సర్ ఉన్నవారిలో 90 శాతానికి పైగా మంది కణాల్లో మిడ్88 అనే జన్యువులో ఒకే మార్పు ఉంటుందని 2012లో కనుగొన్నారు. ఇబ్రుటినిబ్ 2015లో ఆ వ్యాధికి మందుగా వచ్చింది.

ఎం ప్రొటీన్ కొద్దిగా ఉంది, మైలోమా లేదన్నారు. మందు ఎందుకు ఇవ్వడం లేదు?

దీనిని ఎంగస్ అంటారు. ఏడాదికి నూటికి ఒక్కరిలో మాత్రమే అది ముదురుతుంది, కాబట్టి క్రమం తప్పని రక్త పరీక్షలు చాలు. దానికి, అసలు వ్యాధికి మధ్యనున్న స్మోల్డరింగ్ దశలో, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ముందే చికిత్స మొదలుపెట్టాలా అన్నది పెద్ద చర్చ. 390 మందిపై జరిగిన అక్విలా ట్రయల్‌లో డారటుముమాబ్ తీసుకున్నవారిలో 63 శాతం మంది, కేవలం పరిశీలనలో ఉన్నవారిలో 41 శాతం మంది ఐదేళ్ళ తరువాత వ్యాధి ముదరకుండా ఉన్నారని 2024 డిసెంబరులో వెలువడింది. ఆ దశలో ఉన్నవారు తమ ముప్పు స్థాయి ఎంతో వైద్యుడిని అడిగి, రాయించుకుని ఉంచుకోవాలి.

మా పిల్లలకు కూడా పరీక్షలు చేయించాలా?

దగ్గరి బంధువుల్లో ముప్పు కొద్దిగా ఎక్కువే అయినా, మొత్తం మీద అది చాలా తక్కువ. లక్షణాలు లేని పిల్లలకు పరీక్షలు అవసరం లేదు. కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి మీ వైద్యుడికి చెప్పండి.